బ్రిలూయిన్ సూక్ష్మదర్శినితో నాలుగేళ్ళు

మా ప్రయోగశాలలో మేమే కూర్చుకున్న బ్రిలూయిన్ సూక్ష్మదర్శినిని నేను నాలుగేళ్ళుగా వాడుతున్నాను. వరంగల్ మండిబజారులోని మటన్ కొట్టు నుంచి ఆదివారం పొద్దున్నే తెచ్చుకునే మేక కళ్ళే నా ప్రధాన నమూనాలు. “గీ కండ్లతోని ఏం జేస్తరు సారూ?” అని కొట్టాయన మొదటిసారి అడిగినప్పుడు, అవి ఎంత గట్టిగా ఉన్నాయో ముట్టుకోకుండా కాంతితోనే కొలుస్తామని చెప్పాను. ఆ జవాబులో సగమే నిజమని నాకు అర్థం కావడానికి రెండేళ్ళు పట్టింది.

ఏ పదార్థంలోనైనా ఉష్ణం వల్ల అతి సూక్ష్మమైన ధ్వని తరంగాలు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. వాటి మీద పడి పరిక్షేపణం చెందిన కాంతి పౌనఃపున్యం ఆ ధ్వని వేగాన్ని బట్టి కొద్దిగా జరుగుతుందని లియోన్ బ్రిలూయిన్ 1922లో సిద్ధాంతపరంగా చూపించాడు. పదార్థం ఎంత గట్టిగా ఉందనే దాన్ని బట్టి ధ్వని వేగం మారుతుంది కనుక, ఈ జరుగుదలను గట్టిదనానికి గుర్తుగా తీసుకుంటారు. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్ నీటిలో పడి వెనుదిరిగినప్పుడు ఈ జరుగుదల సుమారు 7.5 గిగాహెర్ట్జ్, అంటే ఆ కాంతి పౌనఃపున్యంలో దాదాపు 75,000వ వంతు. ఇంత చిన్న తేడాను ఫాబ్రీ-పెరో వ్యతికరణమాపకంతో (రెండు అద్దాల మధ్య కాంతిని పదేపదే తిప్పి పౌనఃపున్యాలను వేరుచేసే పరికరంతో) విడదీయడం చాలా నెమ్మదైన పని. 2008లో స్కార్సెల్లీ, యున్ అనే శాస్త్రవేత్తలు ‘వీపా’ అనే ప్రత్యేక గాజు పలకతో పనిచేసే వర్ణపటమాపకాన్ని సూక్ష్మదర్శినికి జోడించాకే కణజాలాల పటాలు గీయడం చేతికందింది. మాదీ ఆ పద్ధతే, కాకపోతే అదురు తగలకుండా అడుగున కరీంనగర్ గ్రానైట్ పలక ఉంది. రామన్ దగ్గర కాంతి పరిక్షేపణం మీద పనిచేసిన సూరి భగవంతం గారు హైదరాబాదు నిజాం కళాశాలలోనే చదివారు కనుక, ఈ విద్య మన నేలకు మరీ కొత్తదేమీ కాదు.

పారదర్శకమైన కణజాలాల విషయంలో ఈ పరికరానికి సాటి వచ్చేది నేను చూడలేదు. కంటి కటకాన్ని బయటికి తీయకుండానే, దాని నడిమి భాగం నుంచి అంచు దాకా జరుగుదల క్రమంగా తగ్గుతూ పోవడాన్ని పటంలో చూడవచ్చు. సూదిమొనతో నొక్కి కొలిచే పరికరాలకు ఈ పని సాధ్యం కాదు, ఎందుకంటే అవి పైపొరను మాత్రమే తాకగలవు. కాలేయం, కండరం వంటి మసక కణజాలాల్లో మాత్రం నిరాశే మిగిలింది: పైనుంచి ఒకటి రెండు వందల మైక్రాన్లు దాటేసరికి, పౌనఃపున్యం మారకుండా తిరిగొచ్చే కాంతి మా సంకేతాన్ని పూర్తిగా ముంచేసింది.

ఇక వరంగల్ ఎండ. నీటిలో ధ్వని వేగం ఉష్ణోగ్రతతో పెరుగుతుంది కాబట్టి, గది నాలుగు డిగ్రీలు వేడెక్కితే ఆకుపచ్చ లేజర్‌తో నీటి జరుగుదల 50 మెగాహెర్ట్జ్ దాకా పెరుగుతుంది. కణజాలంలో మేము వెతికే తేడాలూ పదుల మెగాహెర్ట్జ్‌లలోనే ఉంటాయి. ఒక మే నెల మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగిన సంగతి గమనించకుండా గీసిన పటాలన్నిటినీ తర్వాత పారేయవలసి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి పటానికి ముందూ వెనుకా నీటితోనూ మిథనాల్‌తోనూ సరిచూసుకుంటున్నాను.

అసలు చిక్కు నీటితోనే వచ్చింది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచిన కార్నియాలో (కంటి ముందుండే పారదర్శక పొరలో) జరుగుదల తగ్గడం చూసి, కణజాలం మెత్తబడిందని నోటుపుస్తకంలో ధీమాగా రాసుకున్నాను. నిజానికి లోపలి కణాల పొర పని మానేయడంతో కార్నియా నీరు పీల్చుకుని ఉబ్బింది, అంతే. మరోసారి అరగంట సాగిన కొలతలో అంచు “గట్టిపడింది”. అది ఆరిపోవడమని ఒక చుక్క సెలైన్ వేశాక తేలింది. తడి ఎక్కువగా ఉండే పదార్థాల్లో ఈ కొలతను శాసించేది గట్టిదనం కాదు, అందులోని నీటి శాతమే అని 2018లో వెలువడిన పరిశోధన ఒకటి గట్టిగా వాదించింది. దాన్ని మొదట చదివినప్పుడు నాకు కోపం వచ్చింది, ఆ రెండు పటాలనూ మళ్ళీ చూశాక తగ్గింది. ఈ పరికరం ఇచ్చే అనుదైర్ఘ్య గుణకం, అంటే పక్కలకు ఉబ్బనివ్వకుండా ఒకే దిశలో నొక్కితే పదార్థం చూపే ప్రతిఘటన, నీటికే 2.2 గిగాపాస్కల్. మెత్తని కణజాలాన్ని నెమ్మదిగా నొక్కితే వచ్చే యంగ్ గుణకమో, అంటే మామూలుగా మనం గట్టిదనం అనుకునేది, తరచుగా కిలోపాస్కల్‌లలో ఉంటుంది. ఈ రెంటినీ కలిపే సూత్రం అన్ని కణజాలాలకూ ఒకటే కాదు. పైగా అనుదైర్ఘ్య గుణకాన్ని లెక్కించాలంటే ప్రతి బిందువు దగ్గరా వక్రీభవన గుణకం, సాంద్రత తెలియాలి, వాటిని మేము విడిగా కొలవలేదు. అందుకే నేనిప్పుడు గట్టిదనం అనే మాటే రాయడం మానేసి జరుగుదలను మాత్రమే ఇస్తున్నాను, అదీ ఒకే నమూనాలో, ఒకే ఉష్ణోగ్రత దగ్గర, ఒకే తడిలో పోల్చినప్పుడే.

100×100 బిందువుల పటానికి ఒక్కో బిందువు దగ్గర 0.2 సెకండ్లు ఆగినా అరగంట దాటుతుంది, ఆ పూట కాంతి దారి సరిచేసుకోవడానికి పట్టే గంట అదనం. ప్రాణమున్న నమూనాలకు ఆకుపచ్చ లేజర్ హాని చేయవచ్చు కాబట్టి 780 నానోమీటర్లకు మారాలని ఉంది. కాని పరిక్షేపణం తరంగదైర్ఘ్యం నాలుగో ఘాతంతో తగ్గుతుంది గనుక, సంకేతం దాదాపు నాలుగున్నర రెట్లు పలచబడుతుంది. అరగంట పటం అప్పుడు రెండు గంటలు దాటుతుంది, అంతసేపు కార్నియాను ఆరకుండా ఉంచే ఏర్పాటు ఇంకా కుదరలేదు.