పాత .315 రైఫిల్‌తో పదకొండేళ్ళు: నా బాధంతా బోల్టు గురించే

పాత రైఫిల్ కొనేటప్పుడు ఎవరైనా చేసే పని ఒకటే, బోల్టు (తూటాని గొట్టంలోకి తోసి వెనక మూసే ఇనప కడ్డీ) బయటికి తీసి, గొట్టంలోకి టార్చి కొట్టి, లోపల మెలికలు తిరిగిన గాడులు మెరుస్తా ఉండాయా తుప్పు పట్టినాయా అని ఒక కన్ను మూసుకుని చూడ్డం. నేనూ 2013లో డీలరు షాపులో అదే చేసినా. గొట్టం అద్దం మాదిరి ఉండాది. తీసిన బోల్టు నా ఎడం చేతిలోనే ఉంది, దాని పిడి మీద నంబరు కొట్టి ఉంది, ఆ నంబరు మాత్రం చదవలేదు. నేను చెప్పబోయేది అంతా ఆ చదవని నంబరు గురించే. బరువెంత, మ్యాగజైన్లో ఎన్ని పడతాయి అనేవి ఈపాటికి అందరికీ తెలుసు, వదిలేస్తున్నా.

మాది కడప జిల్లా సిద్ధవటం పక్క. లంకమల కొండల కింద నిమ్మతోట, అందులో ఒంటరి ఇల్లు. మా అబ్బ కాలంలో వేటకి పోయేవాళ్ళంట, 1972 చట్టం వచ్చినాక ఆ ముచ్చటే లేదు, ఇప్పుడు పందులు వచ్చి శనక్కాయ చేను దున్ని పోయినా అడవోళ్ళ కాగితం లేకుండా కాలిస్తే లోపలికి పోయేది పంది కాదు, మనమే. మరి రైఫిల్ ఎందుకంటే, కాగితం మీద ఆత్మరక్షణ, నిజం చెప్పాలంటే మోజు. పైగా కలివికోడి అనే అరుదైన పక్షి మళ్ళీ కనపడినాక 1988లో లంకమలని అభయారణ్యం చేసినారు కదా, దానికి పది కిలోమీటర్ల లోపల ఉండేవాళ్ళకి అడవోళ్ళు ఒప్పుకుంటే తప్ప కొత్త లైసెన్సు ఇయ్యరు, ఉన్న తుపాకులు వాళ్ళ దగ్గర కూడా నమోదు చేయించుకోవాల. మా నాయన పేరున ఉన్న లైసెన్సు నా పేరుకి మారేసరికే రెండేళ్ళు పట్టింది. అంత తిరిగినాక ఇంక కొత్త రైఫిల్‌కి ఆర్డరు పెట్టి ఎదురుచూసే ఓపిక లేదు. డీలరు దగ్గర చనిపోయిన ఎవరో పెద్దాయన .315 ఉంది, వాళ్ళ పిల్లోళ్ళు అమ్మకానికి పెట్టినారు, 32 వేలు అన్నాడు. అప్పట్లో కొత్తది దగ్గర దగ్గర దానికి రెండింతలు. తీసుకున్నా.

మొదటి మూడు నాలుగేండ్లు ఆ బోల్టుని నేను పొగడని మనిషి లేడు. ఇది బ్రిటిషోళ్ళ పాత మిలిటరీ రైఫిల్ లీ ఎన్‌ఫీల్డ్ వాటం, .303 మిలిటరీ సైజు కాబట్టి మామూలు జనానికి ఇయ్యరు, అదే వాటాన్ని వేరే సైజులో బెంగాల్లో ఇషాపూర్ సర్కారు ఫ్యాక్టరీలో చేసి మనకి అమ్ముతారు. ఆ వాటం బోల్టు మామూలుగానే బాగా తిరుగుతుంది, నాదైతే వెన్నలో కత్తి. రెండు వేళ్ళతో తోస్తే పోయి కూచునేది, చివర్లో ఏ పట్టూ లేదు. మా చిన్నాయన కొడుకు, నాకు తమ్ముడు, ప్రొద్దుటూరులో ఉంటాడు, వాడు 2016లో కొత్తదే కొన్నాడు, వాని బోల్టు మూసేటప్పుడు చివర్లో అరచేత్తో గట్టిగా నొక్కాల్సి వచ్చేది. "చూడు రా, పాతదానికి ఉండే సుఖం కొత్తదానికి యాడ వస్తుంది" అని వాని ముందరే నాది నాలుగుసార్లు టకటకా ఆడించి చూపించినా. ఆ రోజు వాడు ఏమీ అనలేదు పాపం.

2017 చలికాలంలో ఒక రేంజిలో పర్మిషన్ తీసుకుని పది తూటాలు కాల్చుకుందామని పోయినా, తోడుగా మా అమ్మ తరపు మామ వచ్చినాడు, మిలిటరీలో ఆయుధాల రిపేరు పని చేసి సుబేదారుగా దిగిన మనిషి. మొదటి రెండు బాగానే పోయినాయి. మూడోది కాల్చినప్పుడు కూడా చప్పుడులో తేడా ఏమీ తెలీలేదు, బోల్టు వెనక్కి లాగితే కాల్చిన తూటా ఇత్తడి తొడుగు (కేసు) ఎగిరి కింద పడింది, నాలుగో తూటా తోస్తే పోలేదు. ముప్పాతిక దూరం పోయి ఆగింది. మట్టి ఏమన్నా అడ్డం పడిందేమో అని ఇంకొంచెం బలం పెట్టబోయినా, మామ నా చెయ్యి పట్టుకుని "ఆపు నాయనా, ముందు ఆ తూటా బయటికి తీసి పక్కన పెట్టు" అన్నాడు. తర్వాత వంగి కింద పడిన ఇత్తడి ఎత్తి నా అరచేతిలో పెట్టినాడు. చూస్తే అది తూటా కేసు కాదు, కేసు అడుగు మాత్రమే, అర అంగుళం ఎత్తున చిన్న గిన్నె మాదిరి. మిగతా భాగం లోపలే ఉండిపోయింది.

నాకు కాళ్ళు వణికినాయి, దాచుకోవడం ఎందుకు. కేసు తెగినప్పుడు మందు పేలిన గ్యాసు నా పక్కకి తిరిగుంటే ఈ రాతలు రాసేందుకు కళ్ళు ఉండేవో లేవో.

మామ గొట్టం సైజు కంటే కొంచెం లావున్న వైరు బ్రష్షు వెనకనుంచి దూర్చి, మెల్లగా వెనక్కి లాగినాడు, వెంట్రుకలు ఇరుక్కుని ఆ మిగతా ముక్క ఉంగరం మాదిరి బయటికి వచ్చింది. అప్పుడు అడిగినాడు, "నంబర్లు చూసినావా?" అని. బాడీ మీద ఉన్న నంబరు, బోల్టు పిడి మీద ఉన్న నంబరు, రెండూ నాలుగంకెలవే, ఒక్క అంకె కూడా కలవలేదు. నాలుగేళ్ళు నేను ముద్దు చేసిన బోల్టు ఈ రైఫిల్‌ది కాదు, ఇంకెవరి రైఫిల్‌దో.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత చెప్తా. ఈ తూటాకి అడుగున అంచు ఉంటుంది, ఆ అంచే తూటాని పట్టి నిలబెడుతుంది, బోల్టు మూతి వచ్చి ఆ అంచుకి ఆనాల. బోల్టుని ఏ బాడీకి సరిపడా ఆ బాడీకి కూచోబెట్టి నంబరు కొడతారు. వేరే బోల్టు పెడితే వెంట్రుకవాసి సందు మిగలొచ్చు. సందు ఉంటే పేలినప్పుడు కేసు ముందు భాగం గోడకి అతుక్కుని ఉండిపోతుంది, అడుగు వెనక్కి పోతుంది, మధ్యలో ఇత్తడి సాగుతుంది. మరీ ఎక్కువ సాగితే తెగుతుంది. చివర్లో పట్టు లేకుండా వెన్న మాదిరి పోతా ఉండాదని నేను సంబరపడింది ఆ సందు వల్లేనేమో. ఆనాల్సిన చోట ఆనకపోతే సుఖంగా పోక ఏం చేస్తుంది!

ఇంటికి వచ్చినాక ఇంకా మంట పుట్టింది. మా డీలరు ఖాళీ కేసులు లెక్క చూసుకునే కొత్త తూటాలు ఇస్తాడు, అందుకని కాల్చినవన్నీ పాత పాలపిండి డబ్బాలో దాచిపెట్టినా. ఆ డబ్బా పేపరు మీద బోర్లించి ఒక్కొక్కటే లైటు కింద పెట్టి చూస్తే, అడుగు నుంచి అర అంగుళం పైన చాలావాటికి సన్నగా తెల్లగా మెరిసే గీత ఉంది, చుట్టూరా. మామ సైకిలు పోచ ముక్క కొన వంచి లోపల గీకి చూడమన్నాడు, ఆ గీత దగ్గర లోపల గుంట తగులుతా ఉంది. రైఫిల్ నాకు నాలుగేళ్ళ నుంచి చెప్తానే ఉండాది, నేనే డబ్బాకి మూత పెట్టినా. (రెండు ముక్కలైన కేసుని లెక్కలో ఒకటిగా చూపించడానికి డీలరు దగ్గర పడిన తిప్పలు వేరే కథ. రెండు ముక్కలూ అగ్గిపెట్టెలో పెట్టుకుని పోయినా.)

రిపేరు లైసెన్సు ఉన్న మేస్త్రీ దగ్గర అయిదు నెలలు ఉండింది. ఈ వాటంలో బోల్టు మూతి విడిగా మరతో బిగించేది కాబట్టి, రెండు మూడు మార్చి చూసి కొంచెం పొడవున్నది పెట్టి సందు సరిచేసినాడు, మూసినప్పుడు రెండు పక్కల పట్టు సమానంగా ఉందా అని కూడా చూసినాడు. 9 వేలు అయింది. ఇప్పుడు కేసుల మీద గీత లేదు. బోల్టు మాత్రం చివర్లో అరచేత్తో నొక్కాల్సిందే, అచ్చం మా తమ్ముని కొత్తదాని మాదిరి. ఆ సంగతి వానికి చెప్పినప్పుడు కూడా వాడు ఏమీ అనలేదు, నవ్వినాడు అంతే.

ఇక్కడిదాకా చదివి పాతది కొనకూడదు అనుకుంటారేమో, ఆగండి, నా కోపం ఎవరి మీద చూపించాలో నాకే సరిగ్గా తేలలేదు. మన సీమలో ఎలక్షన్ అంటే తుపాకులన్నీ స్టేషన్‌లో అప్పజెప్పాల్సిందే. 2014లో నాది కూడా పోయింది. బోల్టు వేరే తీసి పెట్టమన్నారు, తీసిచ్చినా. ఆ గదిలో అదే రకం .315లు ఇంకో ఆరేడు ఉండాయి, బోల్టులన్నీ ఒకే గోనెసంచిలో. అక్కడే మారిపోయిందేమో అని మామ అనుమానం. అది నిజమైతే డీలరు నాకు మంచి రైఫిలే అమ్మినట్టు. నేనేమో కొన్న రోజు నుంచీ వెన్న మాదిరే ఉండేదని అంటా, మా తమ్ముడు మాత్రం "మొదట్లో కొంచెం బిర్రుగా ఉందనే చెప్పినావు కదన్నా" అంటాడు. కేసుల మీద ఏ ఏడు కాల్చినవో రాసి పెట్టుకోలేదు, రాసుంటే తేలిపోయేది. గీత లేని కేసులు ఓ ఏడెనిమిది ఉండాయి మరి, అవి 2014కి ముందువేమో. ప్రమాణం చేసి చెప్పలేను.

అదీ నిజమే అయితే కొత్తది కొన్నా ఒరిగేదేముంది, కొత్తదీ అదే గదికి పోతుంది. 2019లో, 2021 పంచాయతీలకి, మళ్ళీ 2024లో మార్చి 16న కోడ్ పడిన రెండు మూడు రోజులకే పోయినా. 2019లో నూనె పెట్టకుండా ఇచ్చి తుప్పు తెచ్చుకున్నా, అది నా తప్పే. 2024లో గ్రీజు పూసి పాత పంచెలో చుట్టి, బోల్టుకి తాడుతో అట్టముక్క కట్టి, రశీదు మీద బోల్టు నంబరు కూడా రాయమని అడిగినా. అక్కడి కానిస్టేబులు "ఇదేం చాదస్తం పెద్దాయనా" అన్నాడు గానీ రాసినాడు. జూన్ 4 లెక్కింపు అయిపోయి కోడ్ ఎత్తేసినాక పోయి, స్టేషన్ మెట్ల మీదే కూచుని నంబరు కలిపి చూసుకుని తెచ్చుకున్నా.

నా మాట అడిగితే, నా పక్కన ఆ మామ లాంటి మనిషి లేకుంటే ఇప్పుడైతే నేను పాతది కొనను. తుపాకి పని తెలిసినవాళ్ళు మీ దగ్గర ఎవరూ లేరంటే, కొంచెం ఆలస్యమైనా డబ్బులు ఎక్కువైనా కొత్తదే మేలేమో. నాలాగా ఏడాదికి పదో పన్నెండో తూటాలు కాల్చి, మిగతా కాలమంతా తుడిచి పెట్టుకునేవానికి పాతది చాలు, గొట్టం ఇప్పటికీ అద్దమే, గురి మా తమ్మునిదానికంటే ఒక పిసరు మెరుగే అని నా నమ్మకం (వాడు ఒప్పుకోడు). 2019 చివర్లో మనిషికి రెండే తుపాకులని చట్టం మార్చినారు కాబట్టి ఇంట్లో నాయన పన్నెండు బోరు తుపాకి ఉన్నవాళ్ళు రెండోది ఆచితూచి తీసుకోండి, నచ్చకపోతే పక్కన పెట్టి ఇంకోటి తెచ్చుకునే వీల్లేదు. ఈ రైఫిల్ అమ్మకానికి పెట్టిన ఆ పెద్దాయన పిల్లోళ్ళని ఒకసారి కలిసి, ఆయన బోల్టు తోసేటప్పుడు చివర్లో నొక్కేవాడా అని అడగాలని చాలాసార్లు అనుకున్నా. పదకొండేళ్ళయింది, ఇంతవరకు పోలేదు.