బీఎండబ్ల్యూ ఆర్ 1200 జీఎస్‌లో టైరు ప్రెషర్ సెన్సర్లు మార్చాక: రెండేళ్లు, 26 వేల కిలోమీటర్లు

2019లో ఒక ఆదివారం ఈ బైకు మీద శ్రీశైలం బయల్దేరాం, వెనక మా ఆవిడ. మన్ననూరు చెక్‌పోస్టు దాటాక టైరు సెన్సర్ పంపే గాలి ఒత్తిడి అంకె మీటరులో వెనక టైరుకి 2.9 బార్ నుంచి 2.7కి దిగింది. నాలుగైదు కిలోమీటర్లు పోయేసరికి 2.5. బండి నడకలో నాకు తేడా ఏమీ తెలియలేదు. అంకె కనపడకపోతే అలాగే వెళ్లిపోయేవాణ్ణి. వటవర్లపల్లి దగ్గర ఆపి, సెంటర్ స్టాండ్ వేసి చక్రం మెల్లగా తిప్పితే టైరు గాడిలో చిన్న మేకు తల కనిపించింది. తడి వేలు పెడితే బుడగలు వస్తున్నాయి. కిట్టులోంచి పంచర్ మూసే రబ్బరు స్ట్రిప్ తీసి వేసి, చిన్న పంపుతో గాలి నింపుకుని కదిలాం. అక్కణ్ణుంచి ఈగలపెంట దాటి డ్యామ్ దాకా మలుపులు ఎలా ఉంటాయో ఆ దారిలో బండి నడిపినవాళ్లకు తెలుసు. తగ్గిన గాలితో, ఇద్దరి బరువుతో అక్కడ బండిని వంచి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

కారులో ఒక టైరు గాలి తగ్గితే మిగతా మూడు కాస్త ఆదుకుంటాయి. బైకుకి ఉన్నవే రెండు. అందుకే ఈ సెన్సర్లను నేను ఎప్పుడూ అదనపు హంగుగా చూడలేదు. అవి పని మానేసినప్పుడు కూడా 'పోతే పోయింది' అని వదిలేయలేకపోయాను.

నా బండి 2017లో కొన్నది. 2022 డిసెంబర్‌లో లంబసింగి వెళ్లాం. తెల్లవారుజామున మంచులో బండి తీస్తే సెన్సర్ బ్యాటరీ బలహీనంగా ఉందని మీటరులో హెచ్చరిక వచ్చింది. కొండ దిగి నర్సీపట్నం చేరేసరికి ఎండ వచ్చింది, హెచ్చరిక పోయింది. అంతా బాగైపోయిందనుకున్నాను. నిజానికి చలికి ఆ చిన్న లిథియం సెల్ ఓల్టేజి పడిపోతుంది, వెచ్చబడితే మళ్లీ కాస్త లేస్తుంది. అంటే సెల్ చివరి రోజుల్లో ఉందని చలి ముందుగా చెబుతుందన్నమాట. సంక్రాంతి దాటేసరికి వెనక టైరు అంకె ఉండాల్సిన చోట రెండు గీతలు మిగిలాయి. ఇంకో రెండు నెలలకు ముందు టైరుదీ అంతే. రెండూ ఒకే రోజు పని మొదలుపెట్టినవి, కాబట్టి ఒకటి పోతే రెండోది ఎంతో కాలం ఆగదు. ఇది తయారీ లోపం కాదు. ఆరేడేళ్లు పనిచేస్తే ఆ సెల్ తన పని తాను చేసినట్టే.

ఆ సెన్సర్ ఉండేది రిమ్ము లోపల, వాల్వు అడుగున. అందులో గాలి ఒత్తిడి కొలిచేది, వేడి కొలిచేది, చక్రం తిరుగుతోందా లేదా పసిగట్టేది, ఓ చిన్న రేడియో ఉంటాయి. మన దగ్గర ఇవి 433 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తాయి. బండి ఆగి ఉన్నంతసేపు నిద్రలో ఉండి, 30 కిలోమీటర్ల వేగం దాటాక సందేశాలు పంపడం మొదలుపెడతాయి. సెల్ ఆదా చేయడానికే ఈ ఏర్పాటు. బండి తీసిన మొదటి నిమిషంలో గీతలు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

'సెల్ ఒక్కటి మార్చుకుంటే సరిపోదా?' అని అందరూ అడుగుతారు. సెల్‌ని, సర్క్యూట్‌ని కలిపి గట్టి పదార్థం పోసి మూసేస్తారు. దాన్ని కోసి, కొత్త సెల్ టంకం పెట్టి, మళ్లీ మూసినవాళ్లు ఉన్నారు. నేను మాత్రం వద్దంటాను, దానికి లెక్క ఉంది. తీసేసిన పాత సెన్సర్‌ని వంటింటి త్రాసులో పెడితే ముప్పై గ్రాములకు అటూ ఇటూ ఉంది. వెనక చక్రం సైజు 170/60 ఆర్17, అంటే రిమ్ము 17 అంగుళాలది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో రిమ్ము దగ్గర ఉన్న వస్తువు మీద దాని బరువుకి సుమారు 160 రెట్ల బలం పడుతుంది. అంటే ఈ ముప్పై గ్రాములది దాదాపు ఐదు కిలోల రాయిలా బయటికి లాగుతుంటుంది. ఇంటి దగ్గర పెట్టిన టంకం ఆ లాగుడుకి, ఆ వేడికి ఏళ్ల తరబడి తట్టుకోవాలి. ఊడితే సెన్సర్ పోవడం ఒక్కటే కాదు, టైరు లోపల ఓ ముక్క దొర్లుతూ ఉంటుంది.

టైర్లకు ఇంకా ఏడెనిమిది వేల కిలోమీటర్ల ఆయుష్షు ఉంది. సెన్సర్ కోసం మంచి టైరు విప్పించడం ఇష్టంలేక, ఆ మధ్యకాలానికి వాల్వు మూత స్థానంలో బిగించే సెన్సర్లు తెప్పించాను. ఒకే సరుకు రకరకాల పేర్లతో అమ్ముతున్నారు కాబట్టి పేరు అనవసరం. బిగించడానికి ఐదు నిమిషాలు, ప్రోగ్రామింగ్ అంటే ఫోన్‌లో యాప్ తెరిచి ముందుది ఏదో వెనకది ఏదో చెప్పడమే. అంకెలు కూడా గాలి కొలిచే నా గేజికి దగ్గరగానే చూపించాయి. సెల్ మనమే మార్చుకోవచ్చు. తక్కువ ఖర్చులో పని కానిచ్చేవాళ్లకు ఇది చాలు అని మొదటి మూడు నెలలు నేనే అందరికీ చెప్పాను.

తర్వాత వానాకాలం వచ్చింది. ముందు టైరు గాలి వారానికోసారి తగ్గుతోంది. పంచర్ ఎక్కడా లేదు. సబ్బు నీళ్లు పోసి చూస్తే బుడగలు సెన్సర్ అంచు దగ్గరే. అప్పుడు అర్థమైంది. మామూలు మూత ఉన్నప్పుడు గాలిని ఆపేది వాల్వు లోపలి పిన్ను. ఈ సెన్సర్ గాలిని కొలవాలంటే ఆ పిన్నుని ఎప్పుడూ నొక్కి ఉంచాలి. అంటే టైరులోని గాలి మొత్తాన్ని కాపాడుతున్నది సెన్సర్ లోపలున్న చిన్న రబ్బరు రింగు ఒక్కటే. ఆ రింగు కాస్త గట్టిపడినా, మట్టి చేరినా గాలి బయటికే. పది గ్రాముల బరువున్న ఆ మూత సెన్సర్ 100 కిలోమీటర్ల వేగంలో కిలోన్నర దాకా లాగుతుంది కూడా. వాల్వు కాడ రబ్బరుదైతే దాని అడుగున పగుళ్లు రావచ్చు. ఇవి వాడాలనుకుంటే లోహపు వాల్వు వేయించుకుని వాడండి. నేను రింగు మార్చి సెప్టెంబర్ దాకా నెట్టుకొచ్చాను గానీ దూరప్రయాణాల్లో టెన్షన్ తగ్గలేదు.

2023 సెప్టెంబర్‌లో రెండు టైర్లూ అరిగాయి. కొత్త టైర్లతో పాటే రిమ్ము లోపల ఉండే సెన్సర్లు కూడా రెండూ కొత్తవి వేయించాను. సెన్సర్లు రెండిటికీ కలిపి అయిన ఖర్చు ఆ రోజు వేసిన టైర్ల ఖర్చుకి కాస్త తక్కువ. భారమే. కానీ టైరు ఎలాగూ విప్పుతారు, బ్యాలెన్సింగ్ ఎలాగూ చేస్తారు కాబట్టి ఆ కూలి రెండుసార్లు పడదు. అరిగిన టైరుతో పాటు ఆరేడేళ్ల సెన్సర్‌ని కూడా మార్చేయమని నేను గట్టిగా చెబుతాను, అది ఇంకా పనిచేస్తున్నా సరే.

ప్రోగ్రామింగ్ దగ్గరే నాకు ఇబ్బంది వచ్చింది. ప్రతి సెన్సర్‌కీ ఓ ప్రత్యేక సంఖ్య ఉంటుంది, దాని ఒంటి మీదే అచ్చు వేసి ఉంటుంది. ఏ సంఖ్య నుంచి వచ్చే సందేశాన్ని ముందు టైరుగా లెక్కించాలి, దేన్ని వెనక టైరుగా లెక్కించాలి అన్నది బండి గుర్తుపెట్టుకుంటుంది. పక్కన ఇంకో బండి ఆగినా దాని టైరు అంకె మన మీటరులో కనపడకపోవడానికి కారణం ఇదే. కొత్త సెన్సర్లు వేశాక ఆ రెండు సంఖ్యల్నీ డయాగ్నస్టిక్ టూల్‌తో (వర్క్‌షాపులో బండికి తగిలించే పరికరంతో) బండికి చెప్పాలి. నేను వెళ్లిన వర్క్‌షాపులో కుర్రవాడు సెన్సర్లు బిగించి, టైర్లు ఎక్కించి, గాలి కొట్టి, ఆ తర్వాత సంఖ్యలు అడిగాడు. సంఖ్యలు టైరు లోపల ఉన్నాయి. అదృష్టవశాత్తూ పెట్టెల మీద స్టిక్కర్లు దొరికాయి, కానీ ఏ పెట్టెది ఏ చక్రానికి వెళ్లిందో ఎవరికీ గుర్తులేదు. ఊహించి సంఖ్యలు ఎక్కించారు.

ఇంటికి వస్తుంటే అంకెలు వచ్చాయి. ఎనిమిది నెలల తర్వాత ఆ గీతల స్థానంలో అంకెలు చూసి ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. రెండు నిమిషాలు గడిచాక తేడా గమనించాను. ముందు 2.8, వెనక 2.4 చూపిస్తోంది. ఈ బండికి ముందు 2.5, వెనక 2.9 ఉండాలి. గాలి తారుమారుగా కొట్టారేమోనని దారిలో ఆపి గేజి పెట్టాను. గాలి సరిగ్గానే ఉంది, సంఖ్యలు తారుమారయ్యాయి. మీటరుని నమ్మి ముందు టైరు గాలి తగ్గించి, వెనక పెంచి ఉంటే? మర్నాడు మళ్లీ వెళ్లి మార్పించుకున్నాను. సీటు కింద ప్లగ్గుకి టూల్ తగిలించడం, రెండు గడుల్లో సంఖ్యలు అటుదిటు ఇటుదటు మార్చడం, సేవ్ చేసి ఇగ్నిషన్ ఆపి వేయడం. పది నిమిషాల పని.

కాబట్టి సెన్సర్ చక్రంలోకి వెళ్లేముందే మీ ఫోన్‌తో దాని సంఖ్య ఫొటో తీసుకోండి. అది వెళ్లే చక్రం కూడా అదే ఫొటోలో పడేలా చూడండి. పని అయ్యాక ముందు టైరులో కావాలని ఓ 0.3 బార్ తగ్గించి ఓ రౌండు కొట్టి రండి. మీటరులో తగ్గింది ముందు అంకే అయితే అన్నీ సరిగ్గా ఉన్నట్టు.

బిగించేటప్పుడు చూసుకోవాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. టైరు అంచుని నొక్కి విడదీసే యంత్రం పలక వాల్వు దగ్గర దిగకూడదు, దిగితే సెన్సర్ అక్కడికక్కడే విరుగుతుంది. రిమ్ము మీద సెన్సర్ ఉందని చెప్పే చిన్న స్టిక్కర్ ఉంటుంది, అది చెరిగిపోయి ఉంటే నోటితో చెప్పండి. ఈ సెన్సర్ల వాల్వు కాడ అల్యూమినియంది. దానికి మామూలు ఇత్తడి పిన్ను వేస్తే కొన్నాళ్లకు రెండూ ఒకదాన్నొకటి తినేసి పట్టేస్తాయి, నికెల్ పూత ఉన్న పిన్నే వేయాలి. మూత ప్లాస్టిక్‌దే మంచిది. అందం కోసం పెట్టే లోహపు మూతలు బిగుసుకుపోయి, విప్పబోతే కాడే విరిగిన బండిని కళ్లారా చూశాను. పంచర్ షాపులో 'లిక్విడ్ పోసేస్తా అన్నా, ఇక పంచరే పడదు' అంటే ఒప్పుకోకండి. ఆ జిగురు సెన్సర్ రంధ్రాన్ని మూసేస్తుంది. స్ట్రిప్ వేస్తే ఏ నష్టమూ లేదు.

ఈ రెండేళ్లలో నన్ను ఎక్కువమంది అడిగింది అంకెల గురించే. మే నెలలో మిట్టమధ్యాహ్నం విజయవాడ హైవే మీద బంకులో ఆగితే గాలి కొట్టే అబ్బాయి 'సార్, వెనక యాభై దాకా ఉంది, తగ్గించమంటారా?' అన్నాడు. మీటరులో మాత్రం 2.9 బార్, అంటే బంకు లెక్కలో 42 పీఎస్ఐ. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఈ బండి మీటరు టైరులోని గాలి 20 డిగ్రీల దగ్గర ఉంటే ఎంత ఉండేదో లెక్కగట్టి చూపిస్తుంది. టైరు లోపల 60 డిగ్రీలు ఉంటే అదే గాలి గేజిలో 3.4 బార్, అంటే దాదాపు 50 పీఎస్ఐ చూపిస్తుంది. అప్పుడు గాలి తీయించుకుంటే రాత్రి చల్లబడ్డాక టైరు మెత్తగా ఉంటుంది. ఉదయాన్నే 35 డిగ్రీల్లో గేజి పెట్టి సరిగ్గా 2.9 కొట్టినా మీటరు 2.7 అంటుంది. సెన్సర్ చెడిపోయిందనుకుని చాలామంది వర్క్‌షాపుకి పరుగెత్తేది ఇందుకే. నేను చేసేది ఇంతే. మీటరులో 0.2 తక్కువ కనిపిస్తే, గేజి ఎంత చూపిస్తున్నా దానికి 0.2 కలిపి కొట్టిస్తాను. మీటరు సరిగ్గా ఉంటే ఎవరు చెప్పినా గాలి ముట్టుకోనివ్వను. ఇది ఈ బండి సంగతి. లెక్కగట్టకుండా ఉన్న ఒత్తిడిని ఉన్నట్టే చూపించే బండ్లు, మూత సెన్సర్లు ఉన్నాయి, వాటిలో ఎండకి అంకె పెరగడం మామూలే.

26 వేల కిలోమీటర్లలో కొత్త సెన్సర్లు ఒక్కసారి కూడా గీతలు చూపించలేదు. పోయిన చలికాలం మళ్లీ లంబసింగి వెళ్లాను, హెచ్చరిక రాలేదు. నెలకి 0.1 దాకా గాలి దానంతట అదే తగ్గడం కనిపిస్తుంది, ఏ టైరుకైనా అది సహజం. రెండుసార్లు నెమ్మదిగా దిగే పంచర్లు పడ్డాయి, రెండుసార్లూ టైరు పాడవకముందే పట్టుకున్నాను. టైరు ఒక్కసారిగా పగిలితే మాత్రం ఏ సెన్సర్ ముందుగా చెప్పలేదు. అందుకని బయల్దేరేముందు టైరు మీద చెయ్యి వేసి చుట్టూ చూసే అలవాటు నేను మానలేదు, జేబులో గేజి కూడా ఉంటుంది.

ఊళ్లో ఆఫీసుకి వెళ్లొచ్చే చిన్న బండికి ఇంత ఖర్చు అక్కర్లేదు. వారానికోసారి గేజి చాలు. మనిషిని వెనక కూర్చోబెట్టుకుని ఘాట్ రోడ్లు తిరిగేవాళ్లు మాత్రం గీతలు వచ్చాక వాటిని అలాగే వదిలేసి తిరగకండి.

పోయిన ఏడాది వెనక టైరు మళ్లీ మార్చినప్పుడు సెన్సర్ బయటికి తీయించి చూశాను. కాడ మీద తెల్ల బూజులాంటి తుప్పు లేదు, రబ్బరు సీలు మాత్రం కొత్తది వేయించాను. రెండు సంఖ్యలూ, వేయించిన నెలా ఓ కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీటు కింద అతికించాను. ముందు ఏదో, వెనక ఏదో పెద్ద అక్షరాలతో.