యువ పురస్కారం: కూలీనాలీ చేస్తూ రాసేవాళ్లకు ఎంతవరకు అక్కరకొస్తుంది?

కేంద్ర సాహిత్య అకాడమీ 2011 నుంచి ఇస్తున్న యువ పురస్కారం కింద 50,000 రూపాయలు, రాగి ఫలకం అందుతాయి. తెలుగుతో కలిపి 24 భాషల్లో ఇస్తారు. అవార్డు ఏడాది జనవరి 1 నాటికి రచయితకు 35 ఏళ్లు మించకూడదు. మగ్గం మీదో, ఆటోలోనో, బట్టల కొట్టు కౌంటర్లోనో పొద్దంతా ఒళ్లు వంచి, రాత్రిపూట రాసుకునేవాళ్ల వైపు నుంచి దీన్ని చూడాలి.

ముందు మంచి. ఈ మధ్య తెలుగు ఎంపికల్లో ఊరి భాషకు, తండా భాషకు చోటు దొరికింది. 2021లో తగుళ్ల గోపాల్ ‘దండకడియం’, 2024లో రమేశ్ కార్తీక్ నాయక్ గోర్ బంజారా కథల ‘ఢావ్లో’ ఈ పురస్కారం అందుకున్నాయి. యాసలో రాస్తే పెద్దలు పక్కన పెడతారేమోనని వెనకాడేవాళ్లకు ఇంతకన్నా ధైర్యం ఇంకేం కావాలి?

చిక్కంతా పురస్కారానికి ముందుంది. ఇది అచ్చయిన పుస్తకానికిచ్చేది, రాతప్రతికి కాదు. తెలుగులో మొదటి పుస్తకం, ముఖ్యంగా కవిత్వం, చాలాసార్లు రాసినవాళ్లే చేతి డబ్బుతో వేసుకుంటారు. నెల జీతం మీదో రోజు కూలి మీదో బతికేవాళ్లకు ఆ ఖర్చే పెద్ద గోడ.

ఆ ఖర్చు వృథా కాకుండా చూసుకోవచ్చు. డెమ్మీ 1/8 అనే మామూలు పుస్తకం సైజులో ఒక ఫారానికి, అంటే ప్రెస్సులో ఒక విడతగా అచ్చయ్యే పెద్ద కాగితానికి, 16 పేజీలు. 96 పేజీలైతే 6 ఫారాలు, 112 అయితే 7. పుస్తకం 100 పేజీల దగ్గర ఆగితే ఏడో ఫారంలో 4 పేజీలే నిండుతాయి, డబ్బు మాత్రం ఫారం మొత్తానికీ పోతుంది. కాబట్టి ముందుమాట, విషయసూచిక, ఖాళీ పేజీలు అన్నీ లెక్కేసి, 96కు కుదించడమో 112కు పెంచడమో డీటీపీకి ఇవ్వకముందే తేల్చుకోవాలి.

ఫోన్లో యూనికోడ్‌లో టైపు చేసుకున్నది చాలా డీటీపీ సెంటర్లలో యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలోకి మారుస్తారు. వత్తులు, పొల్లులు చెదిరేది అక్కడే. అందుకే ప్రూఫు మార్పిడికి ముందు ఒకసారి చూసి ఊరుకుంటే చాలదు, మార్చాక కాగితం మీద ప్రింటు తీయించి మళ్లీ చూడాలి. యాసలో రాసేవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. ‘వొచ్చిండు’ కనిపిస్తే ప్రూఫు చూసే మనిషి మంచి ఉద్దేశంతోనే ‘వచ్చాడు’ అని దిద్దేస్తాడు. మార్చకూడని మాటల పట్టిక ఒకటి రాసి రాతప్రతితో పాటే ఇవ్వండి. కథ ప్రాణం ఆ మాటల్లోనే ఉంటుంది.

పుస్తకానికి ఉండే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్ కోసం ఎవరికీ పైసా ఇవ్వనక్కర్లేదు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఆన్‌లైన్లో ఉచితంగానే ఇస్తుంది, సొంతంగా వేసుకునే రచయితలు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ఇక వయసు. బడిలో చేర్చిన రోజు పంతులుగారు అంచనాతో వేసిన పుట్టినరోజే పేదింటి పిల్లల్లో చాలామందికి కాగితం మీద మిగులుతుంది. అమ్మ చెప్పే లెక్కకూ పదో తరగతి మెమోకూ రెండేళ్ల తేడా ఉంటే మెమోదే మాట. అందుకని 35కు గడువు మెమో ప్రకారమే లెక్కగట్టుకోవాలి. కలం పేరుతో రాసేవాళ్లు సర్టిఫికెట్లో ఉన్న అసలు పేరును పుస్తకం లోపలి వివరాల పేజీలో తప్పకుండా వేయించాలి, లేకపోతే పుస్తకమూ వయసు రుజువూ ఒకే మనిషివని చూపడం కష్టమవుతుంది.

అసలు ఆ 35 ఏళ్ల గీతే శ్రామిక రచయితలకు సరిపడదు. చదువు మధ్యలో ఆగి, చెల్లెళ్ల పెళ్లిళ్లు, అప్పులు తీరి, కలం పట్టేసరికి నలభై వచ్చేస్తుంది. అలాంటివాళ్లు యువకులు కాకపోవచ్చు, కొత్త రచయితలు మాత్రం ముమ్మాటికీ అవుతారు. ఉత్తర ఇంగ్లండ్‌లో డర్హమ్ బొగ్గుగనుల్లో పనిచేసి రచయితైన సిడ్ చాప్లిన్ పేరు మీద ఒక అవార్డు ఉంది. అది శ్రామిక వర్గపు రచయితలకే, అదీ ఇంకా రాస్తూ ఉన్న రచనకు. అచ్చుకు ముందే చేయి అందించడమంటే అది. యువ పురస్కారంలో వర్గం ఊసే లేదు.

ముందస్తు సాయం మన దేశంలోనూ ఒకటుంది. నేషనల్ బుక్ ట్రస్ట్ నడిపే పీఎం యువ పథకం 30 ఏళ్ల లోపువాళ్లకు నెలకు 50,000 చొప్పున 6 నెలలు ఇస్తుంది, పుస్తకం తనే వేసి 10 శాతం రాయల్టీ కూడా ఇస్తుంది. డబ్బు పరంగా యువ పురస్కారానికి ఆరింతలు. కానీ విషయం వాళ్లే నిర్ణయిస్తారు. 2025లో వచ్చిన మూడో విడతలో ప్రవాస భారతీయుల పాత్ర, భారతీయ జ్ఞాన సంప్రదాయం, ఆధునిక భారత నిర్మాతలు అన్నవే అంశాలు. బీడీలు చుట్టే తల్లి మీద నవల రాసే అమ్మాయికి అక్కడ దారి లేదు.

అకాడమీలోనే నవోదయ అనే పథకం యువ రచయితల మొదటి పుస్తకాన్ని అచ్చువేస్తుంది. పురస్కారం సంగతి తర్వాత, చేతిలో రాతప్రతి ఉన్నవాళ్లు అప్పు చేసి ప్రెస్సుకు వెళ్లకముందు ఆ తలుపు తట్టి చూడాలి.