మియాటా అడుగున ఇంట్లో చేసుకున్న రెయిల్ బ్రేసింగ్: చాన్నాళ్లు వాడాక

టాప్ దించి గతుకుల రోడ్డెక్కితే నా మొదటి తరం మియాటాలో (టాప్ దించుకునే మజ్దా రెండు సీట్ల కారు) లోపలి అద్దం ఎంత వణికేదంటే, వెనకాల వచ్చేది బైకో కారో పోల్చుకోలేకపోయేవాణ్ణి. కారు అడుగు రెయిళ్లకి ఉక్కు ఛానెళ్లు తొడిగి గట్టిపరిచాక ఇప్పుడు అద్దం నిలకడగా ఉంటోంది. ఇదంతా రాస్తున్నది ఆ సంతోషం కొద్దీనే.

ఈ కారు ఫ్లోర్ కింద పొడుగునా ఉండే రెండు రెయిళ్లూ పల్చటి రేకు మడతలే. ఎవరో ఒకరు వాటి కింద జాకీ పెట్టేయడంతో చాలా కార్లలో అవి నలిగిపోయి ఉంటాయి. నా కారులోనూ అంతే. 3 మి.మీ. ఉక్కు రేకుని యూ ఛానెల్‌గా వంపించి, వాటి మీద తొడిగి, పక్కల నుంచి బోల్టులు వేశాను. రెయిల్ లోపల బోలు కాబట్టి ప్రతి బోల్టుకీ లోపల పైపు ముక్క ఉండాలి. లేకపోతే బిగించే కొద్దీ రేకు నలుగుతుందే తప్ప బోల్టు పట్టు దొరకదు. ఆ ముక్కలన్నీ ఒకే పొడవుకి కోయడానికే ఎక్కువ టైమ్ పట్టింది. ఒక పక్క రెయిల్ వెంబడి బ్రేక్, పెట్రోల్ పైపులు వెళ్తాయి. వాటిని తప్పించాకే డ్రిల్ పట్టుకోవాలి.

అసలు ఆశ్చర్యం షెడ్డులో ఎదురైంది. ఇదివరకు ముందు మూల ఒకటి జాకీతో లేపి ఆ పక్క డోర్ తీయబోతే, బాడీ మెలి తిరగడంతో లాక్ పట్టేసేది. గట్టిగా లాగితే వచ్చేది గానీ, వేసేటప్పుడు సరిగ్గా కూర్చునేది కాదు. ఇప్పుడు అదే మూల లేపినా డోర్ వేలితో తోస్తే చాలు, టక్కున పడుతోంది. నమ్మకం కుదరక రెండో పక్కా చూశాను, అక్కడా అంతే.

బానెట్ కింది స్ట్రట్ బార్‌ని (రెండు పక్కల సస్పెన్షన్ పై భాగాల్ని కలిపే కడ్డీ) అప్పట్లో తెగ మెచ్చుకున్నాను. ఈ మధ్య అది విప్పేసి నడిపితే పెద్ద తేడా కనిపించలేదు. ఈ కారుది డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్, అంటే ప్రతి చక్రాన్నీ పైనొకటి కిందొకటి ఆర్మ్‌లు పట్టుకుంటాయి. మలుపుల్లో పక్కకి నెట్టే బలం చాలావరకు కింది ఆర్మ్‌ల ద్వారా సబ్‌ఫ్రేమ్‌కే (ఆర్మ్‌లు బిగించే అడుగు చట్రం) పోతుంది. పై ఆర్మ్ లేకుండా స్ట్రట్ పై కొసే బాడీకి బిగించే మెక్‌ఫర్సన్ స్ట్రట్ కారైతే లెక్క వేరు.

ఇబ్బందులు లేకపోలేదు. బరువు పెరిగింది, చిన్న రాళ్ల చప్పుడు లోపలికి బాగా వినిపిస్తోంది. మొదట్లో వాషర్ల కింద పెయింట్ నలిగి బోల్టులు కాస్త వదులయ్యాయి. అక్కడ పెయింట్ గీకేసి మళ్లీ బిగించాక ఆ బాధ లేదు.

నాది టాప్ దించుకునే కారు, పైగా గట్టి స్ప్రింగులు, అందుకే ఇంత తేడా తెలిసిందేమో. హార్డ్‌టాప్ (గట్టి పైకప్పు) బిగించుకుని మెల్లగా తిరిగేవాళ్లకి ఇంత శ్రమ అవసరమని చెప్పలేను. రెయిళ్లకి తుప్పు పట్టి ఉంటే మాత్రం ముందు ఆ రేకు మార్పించండి. దాని మీద ఛానెల్ తొడిగితే తుప్పు కనపడకుండా పోతుంది గానీ బలం రాదు.