సభ్యుడు యుద్ధానికి వెళ్తే సీటెవరిది?

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ ఎంపీలు చాలామంది యూనిఫాం వేసుకుని వెళ్లారు. వాళ్ల బదులు ఎవరినీ పెట్టలేదు. ప్రజలు గెలిపించినవాడిదే సీటు అన్న లెక్క. బాగానే ఉంది గానీ, ఈలోగా ఆ నియోజకవర్గం గోడు సభలో ఎవరు వినిపించాలి?

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రం 2003లో ఏకంగా తన రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించుకుంది. సైనిక విధులకు పిలుపొచ్చిన సభ్యుడు తన పార్టీవాళ్లలోంచే ఒకరిని సూచిస్తాడు, సభ ఓటేసి ఒప్పుకోవాలి. 2005లో ఆ రాష్ట్ర చట్టసభ సభ్యుడు రిక్ నొరియేగా అఫ్గానిస్థాన్‌లో ఉంటే, ఆయన హ్యూస్టన్ సీట్లో భార్య మెలిస్సా కూర్చున్నారు. ఓటర్లు ఎన్నుకోని మనిషి, అదీ ఇంట్లోవాళ్లే! నాకూ కాస్త ఇబ్బందిగానే అనిపించింది. అయినా నా మొగ్గు ఇటే. ఎందుకంటే అక్కడ మామూలు సమావేశాలు రెండేళ్లకోసారి, మహా అయితే 140 రోజులు. బడ్జెట్ కూడా అప్పుడే తేలిపోతుంది. ఆ రోజుల్లో సీటు ఖాళీగా ఉంటే నియోజకవర్గం మాట వినిపించే అవకాశమే పోతుంది.