డీఆర్ ఎన్నిక చేతులతో చేసి నేర్చుకోవాలంటే: సెకండ్ హ్యాండ్ సిస్కో 1941

ఓఎస్‌పీఎఫ్ అంటే రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే పద్ధతి. అందులో ఒకే నెట్‌వర్క్ మీదున్న రౌటర్లు తమలో ఒకదాన్ని డీఆర్‌గా (డెసిగ్నేటెడ్ రౌటర్, అందరి సమాచారం ఒకచోట చేర్చి పంచేది), ఇంకోదాన్ని బీడీఆర్‌గా (దానికి బ్యాకప్) ఎన్నుకుంటాయి. దీని ప్రాక్టీసుకి రౌటర్లు కొనాలనుకునేవాళ్లు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో పాత నెట్‌వర్క్ సరుకు ఉంచే షాపుల్లో సిస్కో 1941 ఉందేమో అడగండి. కంపెనీ దీని అమ్మకం ఎప్పుడో ఆపేసింది. నేర్చుకోవడానికి మాత్రం ఇప్పటికీ మంచి పెట్టె. రెండు గిగాబిట్ పోర్టులుంటాయి, ఓఎస్‌పీఎఫ్‌కి ఐపీ బేస్ అనే ప్రాథమిక లైసెన్సే చాలు. సెక్యూరిటీ లైసెన్స్ ఉందని ఎక్కువ ధర చెప్తే ఈ పనికి అక్కర్లేదు.

మూడు కాదు, నాలుగు కొనండి. మధ్యలో ఒక స్విచ్. మూడే ఉంటే ఒకటి డీఆర్, ఒకటి బీడీఆర్ పోగా మిగిలేది ఒక్కటే. నాలుగోది ఉంటేనే మిగిలిన రెండూ ఒకదానితో ఒకటి ఫుల్‌కి (పూర్తిగా సమాచారం మార్చుకున్న దశకి) వెళ్లకుండా టూ-వేలోనే (ఒకదాన్నొకటి గుర్తుపట్టిన దశలోనే) ఆగడం కనిపిస్తుంది. అది తప్పు కాదు, అలాగే ఉండాలి.

షాపులోనే ఆన్ చేయించి షో వెర్షన్ కమాండ్ కొట్టండి. చివరి లైన్లో కాన్ఫిగరేషన్ రిజిస్టర్ (పెట్టె ఎలా బూట్ కావాలో చెప్పే సెట్టింగ్) 0ఎక్స్2102 ఉండాలి. పాత పాస్‌వర్డ్ తీసేటప్పుడు 0ఎక్స్2142 పెట్టి అలాగే వదిలేసిన పెట్టెలు వస్తుంటాయి. అప్పుడు మీరెంత సేవ్ చేసినా రీలోడ్ అయ్యాక కాన్ఫిగ్ లోడ్ కాదు.

ఇక అసలు విషయం. ప్రయారిటీ ఎక్కువున్నదే డీఆర్ అవుతుంది, సమానమైతే రౌటర్ ఐడీ (ఒక్కో రౌటర్‌కి ఉండే గుర్తింపు సంఖ్య) పెద్దది గెలుస్తుంది, ప్రయారిటీ 0 అయితే పోటీలోనే ఉండదు అని అందరూ చదువుతారు. కానీ పోర్టు లేచాక రౌటర్ 40 సెకన్లు ఎదురుచూస్తుంది. ఆలోపు వేరే డీఆర్ కనిపించకపోతేనే ఎన్నిక. అసలు పెట్టెలు బూట్ కావడానికి నిమిషాలు పడుతుంది, అన్నీ ఒకేసారి లేవవు. ముందు లేచినది డిఫాల్ట్ ప్రయారిటీ 1తోనే కుర్చీలో కూర్చుంటుంది. తర్వాత 100తో వచ్చినదాన్ని చూసి దిగిపోదు.

చేసి చూడండి. నాలుగు రౌటర్లకీ ఆర్1 నుంచి ఆర్4 దాకా పేర్లు పెట్టుకోండి. ఆర్4 డీఆర్, ఆర్3 బీడీఆర్ అయ్యాక, ఆర్1లో ఇంటర్‌ఫేస్ కింద ఐపీ ఓఎస్‌పీఎఫ్ ప్రయారిటీ 100 ఇవ్వండి. ఏమీ మారదు. ఆర్4 కేబుల్ పీకండి. మధ్యలో స్విచ్ ఉంది కాబట్టి మిగతావాటి పోర్టులు అప్‌లోనే ఉంటాయి, డెడ్ టైమర్ (పక్క రౌటర్ నుంచి కబురు రాకపోతే అది పోయిందనుకునే గడువు) 40 సెకన్ల నుంచి సున్నాకి దిగేదాకా ఎవరికీ తెలియదు. అప్పుడు డీఆర్ అయ్యేది ఆర్1 కాదు, ఆర్3. ఆర్1కి దక్కేది బీడీఆర్. ఆర్4ని మళ్లీ తగిలించి, ఆర్3 కేబుల్ పీకితే అప్పుడు ఆర్2లో షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ నైబర్ కొడితే ఆర్1 పక్కన ఫుల్/డీఆర్ అని వస్తుంది. ఈ రెండు మెట్లూ కళ్లతో చూసినవాళ్లు మెయింటెనెన్స్ రాత్రి కంగారుపడరు.

అందరూ టూ-వేలోనే ఆగిపోతే అన్నిటికీ ప్రయారిటీ 0 పెట్టారేమో చూడండి. ఎక్స్‌స్టార్ట్‌లో (సమాచారం మార్చుకోవడం మొదలయ్యే దశలో) ఇరుక్కుంటే రెండు వైపులా ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు) తేడా ఉండొచ్చు.

లోటు ఒకటుంది: ఫ్యాన్ల చప్పుడు. నాలుగూ పడకగదిలో పెడితే నిద్ర పట్టదు. కన్సోల్ కేబుల్‌తోపాటు యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్ కూడా కొనండి, ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి సీరియల్ పోర్టు ఉండదు. పరీక్ష పాసైతే చాలనుకుంటే సిమ్యులేటరే వాడుకోండి, ఈ ఖర్చు వద్దు.