రాయగడ సంతలో మొలక చోడిపిండి: ఏడాది పిల్లాడికి కొనొచ్చా?

ఒడిశాలోని రాయగడ, కొరాపుట్ వైపు మండియా అనేది మన చోళ్లనే, అంటే రాగులనే. సంతలో దొరికే మొలక చోడిపిండి కొనొచ్చు, కాకపోతే చూసి కొనాలి. చిటికెడు నాలుక మీద వేసుకోండి. పళ్లకింద కరకరలాడితే ఇసుక కలిసింది, చేదు తగిలితే పాతది. తేదీ లేని ప్యాకెట్లే ఎక్కువ, పావుకిలో మించి తీసుకోకండి.

జావ కాచే పని నాన్నదైతే ఒక్కటి గుర్తుంచుకోవాలి: పిండి వేడినీళ్లలో పడితే ఉండలే. జల్లించిన పిండి 2 పెద్ద చెంచాలు 200 మి.లీ. చన్నీళ్లలో కలిపాకే పొయ్యెక్కించి, సన్నమంట మీద 8 నిమిషాలు తిప్పాలి. జావ పలచబడిందని కంగారుపడి ఇంకా పిండి వెయ్యకండి. మొలకల్లో పుట్టిన ఎంజైములు నిదానంగా వేడెక్కేటప్పుడు పిండిపదార్థాన్ని విరగ్గొడతాయి, అందుకే జావ పలచబడుతుంది. మామూలు చోడిపిండి ఇంతే వేస్తే ముద్దగా గడ్డకడుతుంది, పిల్లాడు మింగడు. ఈ పిండికి డబ్బులు పెట్టేది అందుకే.

దింపాక అరచెంచా నెయ్యి. 100 గ్రాముల చోళ్లలో 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. పాలసీసాలో పోసి పట్టించకండి. గిన్నె, చెంచా చాలు. బట్టల మీద మరక మాత్రం ఓ పట్టాన వదలదు.